బాల్కనీలో ఆరో కుర్చీ

“ఆరు కుర్చీల సెట్టు కొన్నాం. ఐదే కనిపిస్తున్నాయి. ఆరోది కాళ్లొచ్చి నడిచి వెళ్లిపోయిందా?” అంది అమ్మ, గరిటె పట్టుకుని భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ.

“నడవలేదత్తయ్యా, మోసుకెళ్లారు. బాల్కనీలో ఉంది,” అంది వదిన గ్లాసులు సర్దుతూ.

“ఎండకీ వానకీ పాలిష్ తెల్లబడింది. వీపు ఆనించే చోట పెచ్చులు లేస్తున్నాయి. ఆదివారం మీ పిన్ని వస్తోంది. దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టమంటారా?”

“పిన్ని కూర్చుంటే ఆ స్టూలు ఏమైపోతుందోనని నా బెంగ,” అన్నాడు అన్నయ్య.

“నీ జోకులు తర్వాత. ముందు వెళ్లి కుర్చీ లోపలికి పట్రా.”

అన్నయ్య లేచాడు. అతని చెయ్యి బాల్కనీ తలుపు గడియ మీద పడిందో లేదో, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న అతని చెల్లెలు పిచ్చుక ఒక్క అరుపు అరిచింది.

“దాన్ని ముట్టుకోకు!”

వదిన చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

“కుర్చీయేనే తల్లీ. నీ కిడ్నీ అడగలేదు,” అన్నాడు అన్నయ్య.

ఇంకో రోజైతే ఆమె కూడా నవ్వేది. ఇవాళ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో చేతిలో ఫోన్ బుర్రుమంది. దానికంటే ఎక్కువగా ఆమె భుజాలు అదిరాయి. ఎవరి మొహమూ చూడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

“కుర్చీ కోసం ఏడుపేంటి, చోద్యం కాకపోతే!” అంది అమ్మ.

సోఫాలో కళ్లు మూసుకుని ఉన్న నాన్న, కళ్లు తెరవకుండానే, “ఆ కుర్చీని అక్కడే ఉండనియ్యండి,” అన్నాడు.

*

పిచ్చుక అన్నది అన్నయ్య పెట్టిన పేరు. చిన్నప్పుడు కుక్కర్ మూత కదిలినా ఎగిరిపడేది. పెద్దయ్యాక ఎగిరిపడటం మానలేదు, పైకి కనిపించకుండా ఎగిరిపడటం నేర్చుకుంది.

ఆమె ఉద్యోగం అలాంటిది. ఎయిర్‌పోర్టు హాల్లో ఒక మూల, సామాను పోయినవాళ్లు వచ్చే కౌంటరు. అక్కడికి నవ్వుతూ వచ్చే మనిషి ఉండడు. ప్రతివాడూ ఆమే పెట్టెని ఎక్కడో దాచేసినట్టు మాట్లాడతాడు. ఆమె మాత్రం పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒకే గొంతుతో అవే ప్రశ్నలు అడుగుతుంది. “రంగు ఏమిటండీ? సైజు ఎంత? చివరిసారి ఎక్కడ చూశారు?”

ఇప్పుడు సూపర్‌వైజర్ కొత్త మాట చెప్పాడు. సోమవారం నుంచి ఫిర్యాదుల ఫోన్ ఆమె ఇంటికి తీసుకెళ్లాలట. “నీకు ఓపిక ఎక్కువమ్మా, అందుకే నీకిస్తున్నా,” అన్నాడు పెద్ద బహుమతి ఇస్తున్నట్టు. ఆమె సరే అనలేదు. కాదనలేదు. తల ఊపింది, అది ఎటు ఊపిందో ఆమెకే తెలియదు.

ఆ ఫోన్ ఇంటికొస్తే సాయంత్రాలు పోతాయి. సాయంత్రాలు పోతే బస్సు పోతుంది. అసలు భయం అదే.

బస్సు సంగతి వర్షాలు మొదలైన రోజుల్లో మొదలైంది. ఆ రోజు ఒక పెద్దమనిషి తెగిన బ్యాగు పట్టీ ఆమె మొహానికి తగిలేలా కౌంటరు మీద విసిరికొట్టాడు. ఇంటికి రాగానే ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఒక కుర్చీ ఈడ్చుకుంటూ బాల్కనీలోకి వెళ్లింది. అవే కుర్చీలు. చిన్నప్పుడు సెలవుల్లో వాటిని వరసగా పెట్టి అన్నాచెల్లెళ్లిద్దరూ బస్సు ఆట ఆడేవాళ్లు. ఎప్పుడూ అన్నయ్యే డ్రైవరు. ఆమె బొమ్మని ఒళ్లో పెట్టుకుని కూర్చునే ప్యాసింజరు.

ఆ సాయంత్రం ఆమె కళ్లు మూసుకుంది. రెండు చేతులతో గాల్లో స్టీరింగ్ పట్టుకుంది. నోటితో మెల్లగా “డుర్‌ర్‌ర్” అంది. గేరు మార్చింది. సందు మలుపు తిప్పింది.

“హోల్డాన్!”

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. సన్నటి సందుకి అవతల, ఎదురింటి బాల్కనీలో, బనీను మీద తువ్వాలు వేసుకున్న ఒక యువకుడు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు.

“డ్రైవర్ గారూ, అంత తొందరేంటండీ? ముసలావిడ ఇంకా ఎక్కలేదు.”

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. “మీరు... ఎప్పట్నించి చూస్తున్నారు?”

“సెకండ్ గేరు నుంచి.”

“ఇంట్లో వాళ్లకి చెప్పకండి, ప్లీజ్.”

“చెప్పను. కానీ కండక్టర్ లేకుండా బస్సు తీస్తున్నారు చూడండి, అది మాత్రం క్షమించరాని నేరం.” వెనక్కి తిరిగి ఎవరినో ఎక్కించినట్టు చెయ్యి ఊపి, గోడ మీద రెండుసార్లు తట్టాడు. “ఎక్కేసింది. రైట్ రైట్!”

అలా బండి కదిలింది.

అతను ఎత్తయిన భవనాల్లో ఫైర్ అలారాలు పరీక్షించే టెక్నీషియను. పగలంతా సైరన్లు మోగించి, అవి మోగుతున్నాయని సంతోషించి, తలనొప్పితో ఇల్లు చేరతాడు. ఇద్దరూ ఈ ఊళ్లోనే పెరిగినవాళ్లు. ఇద్దరికీ గుర్తున్న ఊరు మాత్రం ఇప్పుడు లేదు. అందుకే కండక్టరు ఒక రూలు పెట్టాడు.

“ఈ బస్సు ఇప్పుడు లేని చోట్లకే వెళ్తుంది. ఉన్న చోట్లకి మామూలు బస్సులు ఎలాగూ ఉన్నాయి.”

కాబట్టి వాళ్లు రోజూ పార్కింగ్ కింద పూడిపోయిన స్కేటింగ్ మైదానానికి వెళ్లారు. మూతపడిన వీడియో క్యాసెట్ల షాపు ముందు ఆగారు. చిన్నప్పటి స్కూలు వెనక గేటు దగ్గర ఐస్‌క్రీం బండివాడు ఇచ్చే పుల్ల ఐసు, అది నాకితే అంటుకునే నారింజ రంగు, క్యాసెట్ తిరిగివ్వడం మర్చిపోతే షాపాయన ఇంటికొచ్చి చదివే దండకం, అన్నీ ఆ దారిలో వచ్చేవి. వాన పడితే కండక్టరు గొడుగు వేసుకుని మరీ స్టాపులు అరిచేవాడు. గొడుగులో ఒక ఊచ విరిగింది. నీళ్లన్నీ సరిగ్గా అతని చెవిలోకే కారేవి.

కౌంటరులో ఎవరు అరుస్తున్నా, బల్ల కింద ఆమె బొటనవేలు మెల్లగా స్టీరింగ్ తిప్పుకునేది. ఇంకొంచెం సేపు. ఇంకొంచెం సేపు ఆగితే బస్సు.

బాగున్నది ఏదైనా చేతికొస్తే, అది ఎప్పుడు పోతుందా అని ఎదురుచూడటం ఆమె స్వభావం. అందుకే పోయినవారం అతను కొంచెం తడబడుతూ, ఎప్పుడూ లేనిది చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి నిలబడినప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది.

“తర్వాతి స్టాపు...” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. “మీ ఇంట్లో భోజనాల బల్ల!”

ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి. బస్సు వెళ్లేది ఇక లేని చోట్లకే. అంటే వీళ్ల ఇల్లు అతనికి ఇక లేదు. అతని వెనక గదిలో కట్టి పెట్టిన అట్టపెట్టెలు కనిపించాయి. కింద ఎదురింటి గేటుకి ‘అద్దెకు ఇవ్వబడును’ బోర్డు ఆ పొద్దున్నే చూసింది. వెళ్లిపోతున్నాడు. ఆ మాట సూటిగా చెప్పలేక ఆటలో చెప్తున్నాడు.

“దిగేవాళ్లున్నారా అండీ?” అన్నాడతను, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తూ.

“లేరు,” అంది. కుర్చీని అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసింది.

ఆ తర్వాత ఎదురింటి బాల్కనీ తలుపు తెరుచుకోలేదు.

*

వదిన తలుపు తట్టకుండా వచ్చి మంచం అంచున కూర్చుంది.

“ఏమ్మా ఆడపడుచూ, ఎదురింటి అలారం అబ్బాయేనా?”

పిచ్చుక లేచి కూర్చుంది. “నీకెలా తెలుసు?”

“ఈ ఇంట్లో బట్టలు ఆరేసేది ఎవరనుకున్నావు? మీ బస్సు వెళ్లేదాకా తడి బట్టలతో బకెట్టు పట్టుకుని తలుపు వెనకాలే నిలబడుతున్నా. మీ అన్నయ్య చొక్కాలన్నీ ముక్కవాసన కొడుతున్నది ఎందుకనుకున్నావు?”

పిచ్చుక నవ్వబోయి ఏడ్చింది. మొత్తం చెప్పింది. వదిన విని, “అయితే వెళ్లి అడుగు,” అంది.

“అడిగితే నిజంగా వెళ్లిపోతున్నానంటాడు.”

“అడక్కపోతే?”

“అడక్కపోతే... ఇంకా ఖాయం కానట్టుంటుంది.”

“నీ సామాను పోతే నీ కౌంటరుకి నువ్వే వెళ్లవన్నమాట,” అంది వదిన, ఆమె జుట్టు చెవి వెనక్కి సర్దుతూ.

*

మర్నాడు కౌంటరు దగ్గర పొడవాటి లైను. ముందున్నాయన తన సూట్‌కేసు రాకపోతే ఆమె ఉద్యోగం ఊడగొట్టిస్తానని అంటున్నాడు. ఆమె “రంగు ఏమిటండీ?” అంటోంది. బల్ల కింద బొటనవేలు తిరుగుతోంది గానీ బస్సు స్టార్టవటం లేదు. పక్కనే సూపర్‌వైజర్, “ఆ ఫోన్ సంగతి సాయంత్రంలోగా చెప్పమ్మా,” అని వెళ్లిపోయాడు.

“నెక్స్ట్,” అంది తల ఎత్తకుండా.

“ఒక కుర్చీ పోయిందండీ.”

ఆమె తల ఎత్తింది. యూనిఫాం, మెడలో టెక్నీషియన్ కార్డు, చేతిలో నిచ్చెన. కండక్టరు.

వెనక లైను ఉంది. ఏం చెయ్యాలో తోచక నోటికి వచ్చిందే అడిగింది. “రంగు?”

“గోధుమరంగు. పాలిష్ పోయింది.”

“సైజు?”

“ఒక డ్రైవరు పట్టేంత.”

“చివరిసారి...” పెన్ను కింద పెట్టింది. “చివరిసారి ఎక్కడ చూశారు?”

“బాల్కనీలో. దిగేవాళ్లు లేరన్నారు. మీకు ఇష్టం లేదని అర్థమైంది. మొహం చూపించలేక తలుపు మూసేశా. ఇవాళ ఇక్కడ అలారం టెస్టు ఇంకొకడిది, బతిమాలి మార్పించుకున్నా. ఒక్కసారి మామూలుగా అడిగి వెళ్లిపోదామని.”

“ఎక్కడికి వెళ్లిపోతున్నారు? ఏ ఊరు?”

“ఏ ఊరేంటి? రెండో అంతస్తుకి. అక్కడ కూడా టెస్టు ఉంది.”

“మరి ఆ అట్టపెట్టెలు?”

“పొగ కనిపెట్టే డబ్బాలు. కంపెనీలో చోటు లేదని నా గదిలో పడేశారు.”

“గేటుకి బోర్డు?”

“అది కింద పోర్షనుకి.”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. “మన బస్సు ఇప్పుడు లేని చోట్లకే వెళ్తుందన్నారుగా! మా బల్ల స్టాపు అంటే, మా ఇల్లు మీకిక లేనట్టే అనుకున్నా!”

అతను నిచ్చెనకి తల ఆనించాడు. “నేను పెట్టిన రూలు నేనే మర్చిపోయా. మీ ఇంటికొచ్చి మీవాళ్లని మన పెళ్లి సంగతి అడుగుతానని చెప్దామనుకున్నానండీ. చొక్కా ఇస్త్రీ కూడా చేశా.”

“హలో, ఇక్కడ మేం కూడా ఉన్నాం,” అన్నారు లైన్లో ఎవరో.

“ఒక్క నిమిషమండీ,” అంది ఆమె. కౌంటరులో ఆ మాట అనడం ఆమెకి అదే మొదటిసారి. తర్వాత గొంతు తగ్గించి, “మీకు తెలిసిన డ్రైవర్ని నేను కాదు. మా బల్ల దగ్గర ఫోన్ మోగుతుంది, నేను ఉలిక్కిపడతా. రేపటి గురించి ఇవాళే భయపడతా. బస్సులో అది తెలియదు.”

“మా పక్కింట్లో కుక్కర్ కూస్తే మూడంతస్తులు చెప్పుల్లేకుండా దిగినవాణ్ణి నేను. చేతిలో ఎక్స్‌టింగ్విషర్‌తో సహా,” అన్నాడతను. “బస్సు ఉత్తిదే అని నాకూ తెలుసు. కానీ రోజూ ఎక్కింది మనిద్దరమే కదా. లేని చోట్లు చాలా తిరిగాం. ఉన్న చోటికి ఒక్కసారి వెళ్దామా?”

ఆమె జవాబు చెప్పేలోపు హాలంతా దద్దరిల్లేలా అలారం మోగింది. అతని తోటివాడు పైన మీట నొక్కినట్టున్నాడు. పిచ్చుక ఎగిరిపడింది. కౌంటరుకి అవతల అతనూ సరిగ్గా అంతే ఎగిరిపడ్డాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ గోలలో ఆమె ఏదో అంది. వినపడక అతను చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఆమె కౌంటరు మీద రెండుసార్లు తట్టింది.

*

రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక, పిచ్చుక బాల్కనీలోకి వెళ్లి ఆరో కుర్చీ తెచ్చింది. తడిగుడ్డతో తుడిచి, తన పక్కన ఖాళీలో పెట్టింది. వదిన కూర గిన్నె అటు జరిపి చోటు చేసింది.

“నిన్న ముట్టుకుంటే చంపేసేదానివి,” అన్నాడు అన్నయ్య. “పిన్ని ఆదివారం కదా వచ్చేది?”

“పిన్ని కోసం కాదు.” నీళ్లు తాగింది. గ్లాసు దించాక చెప్పింది. “ఫిర్యాదుల ఫోన్ ఇంటికి తీసుకురానని సూపర్‌వైజర్‌కి చెప్పేశా.”

“ఉద్యోగం తీసేస్తేనో?” అంది అమ్మ.

“తీసేస్తారేమో. నాకూ భయంగానే ఉందమ్మా. అయినా చెప్పేశా.”

“అదీ బాగానే ఉంది. కుర్చీ ఎవరికంటే చెప్పవేం?” అన్నాడు అన్నయ్య.

పిచ్చుక నోరు తెరిచేలోపు, “కండక్టరుకి,” అన్నాడు నాన్న.

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. నాన్న కంచంలోకే చూస్తూ అన్నం కలుపుతున్నాడు. “నా సోఫా ఆ తలుపు పక్కనే కదమ్మా. కళ్లు మూసుకుంటే నిద్రపోయినట్టేనా? స్కేటింగ్ మైదానం స్టాపు వచ్చినప్పుడల్లా నేనూ దిగేవాణ్ణి. మీ అమ్మని మొదటిసారి చూసింది అక్కడే. నా ముందు ధబీమని పడింది.”

“అబ్బో! పడింది మీరు. లేపింది నేను,” అంది అమ్మ. అనేశాక, ఎన్నేళ్లకో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం గరిటె వదిలేసింది. తర్వాత తేరుకుని కూతురి వైపు తిరిగింది. “ఇంతకీ ఏమంటావే నువ్వు?”

బల్ల మీద ఫోన్ బుర్రుమంది. పిచ్చుక ఉలిక్కిపడింది. దాన్ని బోర్లా తిప్పి పెట్టి, కుర్చీ వీపు మీద పెచ్చు లేచిన చోట చెయ్యి వేసింది.

“ఆదివారం భోజనానికి ఆయన్ని రమ్మన్నాను. నేను ఆయన్ని పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. ఈ కుర్చీ ఇక లోపలే ఉంటుందమ్మా. పిన్నికి మనం వేరేది చూద్దాం.”