ఉప్పు లాగే నీళ్ళు

చమురు బావుల్లోంచి నూనెతో పాటు ఉప్పునీళ్ళూ పైకొస్తాయి. సముద్రపు నీళ్ళకన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉంటాయి. ఇదివరకు వాటిని ఎక్కడ పారబోయాలో తెలియక తలలు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు బావుల పక్కనే ఒక షెడ్డులో వాటితోనే కరెంటు తీస్తున్నారు. పల్చటి పొరకు ఒకపక్క ఉప్పునీళ్ళు, ఇంకోపక్క మంచినీళ్ళు. ఉప్పు ఆ మంచినీళ్ళను పొరలోంచి తనవైపు లాక్కుంటుంది. ఆ తోపుడుకి టర్బైన్ తిరుగుతుంది.

షెడ్డుకి ఇన్‌ఛార్జి ఆమె. పోయిన వారం ఉప్పునీళ్ళ ట్యాంకులో బురద తీస్తూ, విషవాయువు పీల్చి చనిపోయినవాడు ఆమె మరిది, సొంత చెల్లెలి భర్త. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే. గ్యాస్ మీటరు తెచ్చుకుంటానని అతను వెనక్కి తిరిగితే, "ఆఫీసర్లు వచ్చే వేళయింది, చిటికెలో పని, దిగు" అన్నదీ ఆమే. ఆ మాట విన్నది అతనొక్కడే. విచారణలో మాత్రం, తనకు చెప్పకుండా దిగాడంది.

ప్రమాదం తర్వాత మొదటిసారి, ఆ మధ్యాహ్నం యంత్రాన్ని మళ్ళీ నడపాలి. బయట ఎండ మండిపోతోంది. లోపల కిటికీ అన్నది లేదు. తడి సిమెంటు వాసన. దాని అడుగున, ఎంత కడిగినా పోని కుళ్ళిన గుడ్ల కంపు. ఫిట్టరు బయట పంపు దగ్గర ఉన్నాడు.

టర్బైన్ మెల్లగా మూలిగింది.

"మంచినీళ్ళు అప్పుడే వదిలావా?" వాకీటాకీలో అడిగింది.

"లేదక్కా. వాల్వు తాళం నా జేబులోనే ఉంది."

మూలుగు పెరిగింది. ప్రెజర్ ముల్లు పైకి లేచింది. ఆమె మంచినీళ్ళ గొట్టాన్ని తట్టి చూసింది... డొల్ల చప్పుడు. ఖాళీ.

మరి ఉప్పు దేన్ని లాగుతోంది?

నాలుక అంగిలికి అతుక్కుపోయింది. మింగబోతే గొంతులో తడి లేదు. పెదవి చిట్లింది... నెత్తురు రాలేదు. గొట్టం మీదున్న వేళ్ళు కళ్ళముందే ముడతలు పడుతున్నాయి. తలపైన బల్బు అంతకంతకీ ఎక్కువ వెలుగుతోంది.

ట్యాంకు మూత కింద ఎవరో గోటితో గీరారు.

"వదినా... దాహం."

ఆమె మూత వైపు తిరిగింది.

"చెప్తాను," అంది గొంతు పెగుల్చుకుని. "దిగమన్నది నేనేనని... చెల్లికి ఇవాళే చెప్తాను."

టర్బైన్ ఆగిపోయింది.

సాయంత్రం చెల్లెలి ఇంట్లో చెంబెడు నీళ్ళు గడగడా తాగేసింది.

"మొహం అలా పీక్కుపోయిందేంటక్కా?"

"నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు." చెల్లెలు పక్కనే గోడకానుకుని కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఆయన తొందరపాటే ఆయన్ని పొట్టన పెట్టుకుంది. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో."

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దాన్ని వదులుకోలేకపోయింది.

"వేళకి తింటున్నావా లేదా అని... అంతే."

చెల్లెలు నవ్వబోయింది. కళ్ళు నిండాయి. "నోరెందుకో ఎండుకుపోతోందక్కా," అంటూ పెదవులు తడుపుకుంది.

కన్నీటిచుక్క చెంప మీదికి జారింది. కిందికి కాదు... అడ్డంగా. చెవి పక్కనుంచి, జుట్టు దాటి, షెడ్డు ఉన్న వైపు గోడ మీదికి పాకింది. దాని వెనకే ఇంకొకటి బయల్దేరింది.