పిన్స్ పడ్డప్పుడే మాట

"ఇవాళ సాయంత్రం నువ్వు బౌలింగ్ ఆడాలి. తర్వాత క్లారినెట్ వినాలి. అంతే," అంది లలితమ్మ.

ఏజెంట్ జీవరాజ్ ఫైలు కోసం చెయ్యి చాపాడు. ఫైలు లేదు. టేబుల్ మీద వెండి తీగలు పొదిగిన ఒక నల్లటి బిద్రీ డబ్బా, దాని మూతలో మడిచిన చీటీ ఉన్నాయి. పదిహేడేళ్ల సర్వీసులో హైదరాబాద్ నిఘా విభాగం డైరెక్టర్ లలితమ్మ అతన్ని సరదాగా గడిపి రమ్మనడం ఇదే మొదటిసారి.

"ఎవరితో, మేడమ్?"

"లీయాతో."

లీయా! బీదర్‌లో బిద్రీ సామాను విదేశాలకు పంపే అందగత్తె. అసలు పని వేరు. ఒక విదేశీ ముఠాకు ఏజెంట్. ఎనిమిది నెలలుగా లలితమ్మకూ కబుర్లు అందిస్తున్న డబుల్ ఏజెంట్.

"రాత్రి తొమ్మిదికి బీదర్ చుట్టుపక్కల ఒక బాంబు పేలుతది," అంది లలితమ్మ. "ఎక్కడన్నది లీయాకు సాయంత్రమే చెప్తరు. అప్పటినుంచి ఆమె ఫోన్ వాళ్ల దగ్గర, ఆమె లాకెట్‌ల వాళ్ల మైక్. నిన్ను తొమ్మిది దాకా ముచ్చట్లల్ల పెట్టమని ఆమెకు ఆర్డర్. నీ పంపుసెట్ల డీలర్ వేషం వాళ్లు ఎప్పుడో పట్టేసిన్రు."

"మైక్ ఉంటే నాతో ఎట్లా చెప్తది?"

"క్లారినెట్ అబ్బయ్య మాస్టర్ కచేరీల మూడో పాటకు డప్పుల జోరు వస్తదట. నలభై సెకండ్లు పక్కోడి మాట పక్కోడికి వినబడదట. అప్పుడు చెప్తనని ఈ చీటీల రాసింది."

"అబద్ధమైతే?"

లలితమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రేపు నీ ఫొటోకు నేనే దండ వెయ్యాల్సొస్తది."

*

అది 2007 జనవరి. హైదరాబాద్ మోజు బీదర్ దాకా పాకింది. ఊరికి కొత్తగా సిల్వర్ డోమ్ అనే మాల్ వచ్చింది. పై అంతస్తులో ఒకే పెద్ద హాలు. ఒక పక్క నాలుగు బౌలింగ్ లేన్లు, ఇంకో పక్క స్టేజీ, మధ్యలో కుర్చీలు. ప్రారంభం రోజు కాబట్టి చుట్టుపక్కల బగ్దల్ నుంచీ, ఔరాద్ నుంచీ కూడా జనం దిగారు. సగం మంది ఎస్కలేటర్ ఎక్కడానికే వచ్చారు.

ఏడున్నరకు మూడో లేన్ దగ్గర లీయా కనిపించింది. నల్ల చీర, మెడలో వెండి తీగల బిద్రీ లాకెట్.

"అబ్బయ్య క్యాసెట్ రెండో వైపు విన్నరా?" అంది.

కోడ్ అదే. జీవరాజ్ జవాబిచ్చాడు. "విందామంటే రీలు తెగింది."

లీయా నవ్వింది. చెయ్యి మాత్రం లాకెట్ మీద రెండుసార్లు తట్టింది. తర్వాత ఆమె చూపు ఒక్క క్షణం స్టేజీ పక్కకు పోయింది. అక్కడ సఫారీ సూట్ వేసుకున్న పొడుగాటి మనిషి నిలబడ్డాడు. చెవిలో వైరు. వీళ్ల చేతుల మీది నుంచి అతను చూపు తిప్పడం లేదు. రాసి చూపించే వీలు కూడా లేదన్నమాట.

వాళ్లు ఆడారు. జీవరాజ్ మొదటి బంతి పక్క కాలువలో పడింది. రెండోదీ అంతే.

"ఎప్పుడూ ఆడలేదా?" అంది లీయా.

"మా బగ్దల్‌ల గోటీలు ఆడినం మేడమ్. ఇంత లావు గోటీ చూడలే."

"మా డ్రైవర్ హన్మయ్య రెండేండ్ల కింద అబ్బయ్య క్యాసెట్ పెట్టిండు. అప్పటినుంచి బండ్ల నేను ఇంకోటి పెట్టనియ్యలే." ఆ మాట మైక్ కోసం అన్నట్టు లేదు. ఆమె గొంతు నిజంగానే మెత్తబడింది.

ఎనిమిదికి కచేరీ మొదలైంది. ఎనిమిది ముప్పావుకు మూడో పాట వంతు వచ్చింది. డెబ్బై దాటిన అబ్బయ్య మాస్టర్ మైకు ముందుకొచ్చాడు.

"మా డప్పులోళ్లు మూడో పాటకు అందుకుంటమన్నరు. వాళ్ల బస్సు ఔరాద్‌లనే ఆగిందంట. ఏం జేస్తం? ఇది ఒక్కన్నే వాయిస్త. జర నిమ్మళంగ వినుండ్రి."

లీయా తల తిప్పి జీవరాజ్ వైపు చూసింది.

క్లారినెట్ సన్నగా మొదలైంది. హాలంతా గప్‌చుప్. గాజులు కదిలినా వినిపించేంత నిశ్శబ్దం. గడియారం ఎనిమిది నలభై తొమ్మిది చూపిస్తోంది.

రెండు నిమిషాలు లీయా కళ్లు హాలంతా వెతికాయి. తర్వాత మెల్లగా బంతి తీసి జీవరాజ్ చేతిలో పెట్టింది. కళ్లతో లేన్ చివర నిలబడ్డ పది పిన్నులను చూపించింది. అతనికి అర్థమైంది. ఆ హాల్లో మిగిలిన చప్పుడు అదొక్కటే.

వేశాడు. ఏడు పిన్నులు ఢమఢమా కూలాయి. ఆ ఒక్క క్షణంలో లీయా అతని చెవి దగ్గర అంది. "కమఠాణ." బీదర్ పక్కనే ఉన్న ఊరు.

జీవరాజ్ ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. చూడకుండానే ఫోన్ బటన్లు నొక్కి మెసేజ్ పంపాడు. ఊరి బయట జీపులో బాంబు స్క్వాడ్‌తో కాచుకుని ఉన్న విఠల్‌కు అది చేరుతుంది.

"ఏయ్, ఆపున్రయ్యా! పాట వినబడ్తలేదు!" కుర్చీల్లోంచి ఎవరో అరిచారు.

బౌలింగ్ బూట్లు ఇచ్చే కౌంటర్ దగ్గరి కమలాబాయి పరుగున వచ్చింది. "సార్, జర ఆగుండ్రి. జనం తిడుతున్నరు."

"ఇంకో రెండు, అక్కా. నీకు దండం పెడ్త."

తర్వాతి బంతి కాలువలో పడింది. చెప్పడానికి తెరిచిన నోరు లీయా మళ్లీ మూసుకుంది. సఫారీ సూట్ మనిషి చెవి వైరు సర్దుకున్నాడు.

జీవరాజ్ గోటీ ఆడేటప్పుడు చూసినట్టు ఒంటికన్నుతో గురి చూశాడు. పదికి పదీ పడ్డాయి.

"చెరుకు ట్రాక్టర్." అదీ విఠల్‌కు పోయింది.

స్టేజీ మీద అబ్బయ్య ఒక్క క్షణం ఆగి ఇటు చూశాడు. కోప్పడలేదు. యాభై ఏళ్లు పెళ్లి బారాత్‌లలో టపాకుల మధ్య వాయించినవాడు. పిన్నుల చప్పుడునే తాళంగా పట్టుకుని స్వరం పైకెత్తాడు.

ఎనిమిది యాభై ఆరు. జేబులో ఫోన్ వణికింది. బంతి కోసం వంగినట్టు వంగి చాటుగా చూశాడు. విఠల్ మెసేజ్. "మిలిటరీ రాడార్ గోడ పక్కన ముప్పై చెరుకు ట్రాక్టర్లు. చెరుకు కొట్టే కూలోళ్లు, ఆడోళ్లు, పిల్లలు బువ్వ తింటున్నరు. ఏ ట్రాక్టర్?"

సఫారీ సూట్ మనిషి వీళ్లవైపు నడిచి వస్తున్నాడు. పది అడుగులు. ఆరు. జీవరాజ్ బంతి వదిలాడు. అది లేన్ మీద తాపీగా దొర్లింది. అంచు దాకా వెళ్లింది, మళ్లీ మధ్యకు ఒరిగింది.

పిన్నులు కూలాయి.

"పచ్చ టార్పాలిన్!"

ఆమె పెదవులు కదలడం ఆ మనిషి చూశాడు. కోటు లోపలి నుంచి పిస్తోలు బయటికొచ్చింది. జీవరాజ్ ముందు రెండు పనులున్నాయి. అతని మీద దూకడమా? మెసేజ్ పంపడమా? అతని వేలు బటన్ల మీదే ఉంది. అక్కడ ముప్పై ట్రాక్టర్ల జనం. ఇక్కడ లీయా ఒక్కతె. ఆ లెక్క వేసినందుకు తనను తానే తిట్టుకుంటూ బటన్లు నొక్కాడు.

లీయా అతని కోసం చూడలేదు. పన్నెండు పౌండ్ల బంతి ఎత్తి ఆ మనిషి పాదం మీద వదిలేసింది. ఎముక విరిగిన చప్పుడు. పిస్తోలు జారింది. మరుక్షణం జీవరాజ్ మోకాలు అతని వీపు మీద ఉంది. పక్క లేన్ దగ్గర వంతు కోసం చూస్తున్నట్టు నటిస్తున్న లలితమ్మ ఏజెంట్లు ఇద్దరు బేడీలు వేశారు.

"హమ్మయ్య, ఆ లొల్లి చేసేటోన్ని పట్కపోతున్నరు," అని కుర్చీల్లో ఎవరో సంతోషించారు.

ఎనిమిది యాభై తొమ్మిది. జీవరాజ్ ఫోన్‌వైపే చూస్తున్నాడు. అది వణకలేదు. లీయా కళ్లు మూసుకుంది. తొమ్మిదికి ఇంకా కొన్ని సెకండ్లు ఉన్నాయనగా స్క్రీన్ వెలిగింది. "వైరు కోసేసినం."

లీయా కుర్చీలో కూర్చుంది. లాకెట్ తెంపి పక్కన పెట్టింది. "ఇప్పుడు నన్ను తీస్కపోతరా?"

"మేడమ్ దగ్గరికి తీస్కపోవాలె."

"పాట అయిపోనియ్యుండ్రి."

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చివరి స్వరం దాకా విన్నారు.

చప్పట్లు ఆగాక అబ్బయ్య మాస్టర్ క్లారినెట్ సంకలో పెట్టుకుని నేరుగా జీవరాజ్ దగ్గరికొచ్చాడు. తిట్లు తప్పవనుకుని అతను లేచి నిలబడ్డాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"జీవరాజ్, మాస్టర్."

"నడుమ ఒకపారి తప్పినవ్. కానీ మిగిలిందంత తాళం మంచిగ పట్టుకున్నవ్. వచ్చే నెల భాల్కిల ఒక పెండ్లి ఉన్నది. నంబర్ ఇయ్యి, డప్పుకు పిలుస్త."

అడిగినవాళ్లకు తప్పుడు నంబర్ ఇవ్వడం జీవరాజ్‌కు పదిహేడేళ్ల అలవాటు. ఈసారి అసలు నంబరే ఇచ్చాడు.