మెట్ల మీది షాట్

ఆ మేడింటి పై వసారాలో నడిస్తే వెనకాల ఇంకెవరో నడుస్తారని పేరు. మనం అడుగేసిన అర క్షణానికి ఆ అడుగు పడుతుందట. మనం ఆగితే అదీ ఆగుతుందట... కాకపోతే వెంటనే కాదు. ఇంకొక్క అడుగు వేసి మరీ ఆగుతుంది.

అందుకే ఆ ఇల్లు అమ్ముడుపోలేదు. మంచి వీడియో ఒకటి తీయిస్తే ఎవరో ఒకరు కొనకపోరని బ్రోకర్ ఆశ. చెయ్యి తిరిగిన కెమెరా వాళ్ళందర్నీ అడిగి చూశాడు. ఇంటి పేరు చెప్పగానే ఒకాయనకి జ్వరం వచ్చింది, ఇంకొకాయనకి లెన్స్ పాడైంది. చివరికి మిగిలింది కుదుపు.

కుదుపు అంటే మనిషే. పెళ్ళి వీడియోలు తీస్తాడు. అతని కెమెరాలో పెళ్ళికూతురు నడిచొస్తుంటే పడవలో వస్తున్నట్టుంటుంది, అదీ తుఫానులో. ఆ మధ్య ఒక పెళ్ళివారింట్లో వీడియో చూస్తూ చూస్తూ ఒక పెద్దావిడ లేచెళ్ళి వాంతి చేసుకుంది. దాంతో స్టూడియోలో ఎడిటింగ్ చూసుకునే సొంత అక్కే తేల్చి చెప్పేసింది.

"మోచేతులు డొక్కలకి ఆనించరా, మోకాళ్ళు కాస్త వంచరా, ముందు మడమ ఆనించి తర్వాత వేళ్ళు దించరా, ఊపిరి బిగబట్టరా అని నోరు నొప్పెట్టేలా చెప్పాను. ఇదొక్కటి చూస్తాను. ఇదీ ఊగిందంటే వేరే మనిషిని పెట్టుకుంటా. నువ్వు కూర్చుని ఫొటోలకి ఫ్రేములు కట్టుకో."

ఇక ఒప్పుకోక చస్తాడా!

లైట్లు వేస్తే ఇల్లు నిండుగా కనిపిస్తుందని బ్రోకర్ చీకటి పడ్డాకే రమ్మన్నాడు. తలుపు తీసి, గబగబా స్విచ్చులన్నీ వేసి, అంతకన్నా గబగబా గేటు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"మీరు రారా?"

"నాకు మెట్లు పడవు బాబూ," అన్నాడు గొంతు తగ్గించి. కింది గదుల్లోకి మాత్రం వచ్చాడా అంటే, అదీ లేదు.

కింది గదులు కుదుపు ఎప్పట్లాగే తీశాడు, గోడలు అదిరేలా. తర్వాత మెట్లెక్కాడు.

పొడుగాటి వసారా. చెక్క నేల. ఆ చివర ఒక కిటికీ.

ఒక అడుగు వేశాడు. వెనకాల — టక్.

ఆగాడు...

టక్.

వెనక్కి చూసే ధైర్యం లేదు. పారిపోదామంటే మెట్లు అటువైపే. ఇక ముందుకే దిక్కు. తన అడుగు చప్పుడు తనకే వినబడకూడదన్నట్టు మడమ ఆనించి, మెల్లగా వేళ్ళు దించాడు. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. మోచేతులు డొక్కల్లోకి ముడుచుకుపోయాయి. ఊపిరి సంగతి సరేసరి — అది మెట్ల దగ్గరే ఆగిపోయింది.

ఎలాగో కిటికీ చేరాడు. కెమెరాని వసారా వైపు తిప్పి కిటికీ గట్టు మీద పెట్టి, కళ్ళు మూసుకుని వెనక్కి తిరిగాడు. తెరిచి చూస్తే ఎవరూ లేరు. ఆ ఎవరూ లేకపోవడమే అతనికి మరీ ఎక్కువైంది. ఒకటే పరుగు! కెమెరా గట్టు మీదే ఉండిపోయింది, ఆపనైనా ఆపలేదు.

"అయిందా?" అన్నాడు బ్రోకర్, తలుపుకి, గేటుకి తాళాలు వేస్తూ.

"అయింది."

"మరి కెమెరా?"

"...పొద్దున తెచ్చుకుంటా."

పొద్దున అక్క కూడా వెంట వచ్చింది. వసారాలో అడుగేసింది. టక్. కిందకి వంగి అరచేత్తో నేలని నొక్కి వదిలింది. టక్.

"పలకలు ఎండి లేచాయిరా. కాలు తీశాక పైకి లేచి కొట్టుకుంటున్నాయి. ఇదీ నీ దెయ్యం."

కెమెరా గట్టు మీదే ఉంది, బ్యాటరీ అయిపోయి.

స్టూడియోకి వచ్చి వీడియో పెట్టారు. కింది గదులు వచ్చినంతసేపూ అక్క నుదురు పట్టుకుని కూర్చుంది. వసారా రాగానే చెయ్యి తీసేసింది. బొమ్మ నీళ్ళ మీద ఆకులా జారుతోంది.

"ఇది నువ్వే తీశావా?"

జరిగింది చెప్పాడు. అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నేను మొత్తుకుంటే రానిది రెండు చెక్క పలకలు నేర్పాయన్నమాట. ఇకనుంచి పెళ్ళిళ్ళకి అవి కూడా మోసుకెళ్దాం."

తెర మీద కుదుపు వసారా వెంట పరిగెత్తి మెట్ల దగ్గర మాయమయ్యాడు. ఖాళీ వసారా మిగిలింది. ఆపుదామని అక్క మౌస్ పట్టుకుంది.

బొమ్మ కదిలింది.

గట్టు మీంచి మెల్లగా లేచింది. వసారా దాటింది... మెట్లు దిగింది... వీధి తలుపు అద్దం దాకా వచ్చి ఆగింది. అద్దం అవతల బ్రోకర్ గేటుకి తాళం వేస్తున్నాడు. పక్కన కుదుపు ఒగరుస్తున్నాడు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయేదాకా చూసి — వెనక్కి తిరిగింది. మెట్లెక్కి, వసారా పొడుగునా వచ్చి, గట్టు మీద మెత్తగా ఆనింది.

ఎక్కడా వణుకన్నది లేదు.

అక్క వీడియో వెనక్కి జరిపి, మెట్లెక్కే ముక్క మళ్ళీ చూసింది.

"మెట్ల మీద ఇంత నిలకడ నేనెక్కడా చూళ్ళేదురా," అంది లోగొంతుకతో. ఆ ముక్క పారెయ్యడానికి ఆవిడకి చేతులు రాలేదు. కలిపేసి పంపింది.

కొన్నాళ్ళకి బ్రోకర్ ఫోన్ చేశాడు.

"వీడియో చూసి జనం వస్తున్నారు బాబూ. ఇంకో ఇల్లుంది, అదీ తీయాలి. అయితే ఏమీ అనుకోవద్దు... కింది గదులు తీసినాయన వద్దు. మెట్లు ఇంకెవరో తీశారుగా, ఆయన్ని పంపండి."

కుదుపు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, సంగతి చెప్పి, అక్క వంక చూశాడు.

అక్క తెర మీంచి తల తిప్పకుండా, గుసగుసగా అంది.

"ఆయన ఆ ఇల్లు దాటి రారని చెప్పు."