సన్నమంట, ఈస్టర్ కాఫీ

"దీనికన్నా నా పుట్టినరోజు కొవ్వొత్తి నయం కదా!"

వెనక నుంచి వినిపించిన గొంతుకి హాల్వర్ చేతిలోని అగ్గిపెట్టె మంచులో పడింది. నారింజపండ్ల సంచి భుజాన వేసుకుని తూవా నవ్వుతోంది. అతని స్టవ్ మీద మంట మాత్రం ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంది.

"చలికి మొరాయిస్తోందంతే," అన్నాడు బింకంగా.

నార్వే కొండల్లో ఈస్టర్ సెలవులు. హాల్వర్ వాళ్ల కేరవాన్ పక్కనే తూవా అమ్మమ్మ బోర్గిల్ గారిది. ఈస్టర్ శనివారం పక్కవాళ్లకి కాఫీ ఇవ్వడం హాల్వర్ నాన్న పెట్టిన అలవాటు. ఈసారి ఆయన రాలేదు, కాబట్టి ఆ పని కొడుకు మీద పడింది. కాఫీ సంగతి ఎలా ఉన్నా, తూవా రేపే ట్రోమ్సోలో ఉద్యోగానికి వెళ్లిపోతోంది. మనసులో మాట చెప్పాలంటే ఈ రోజే చెప్పాలి.

చెప్పడమే గండం. పోయిన ఈస్టర్‌కి పరిచయమైన మర్నాడే "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగేశాడు మహానుభావుడు. ఆ పిల్ల బిక్కమొహం వేసి, "నారింజ తింటావా?" అంటూ ఒక పండు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ సిగ్గుతో ఈసారి "హాయ్" దాటి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"నీ స్వెటర్ సిలిండర్‌కి తొడిగి నువ్వు వణుకుతున్నావేంటి?" అంది తూవా మోకాళ్ల మీద కూర్చుంటూ. "ఇందులో ఉన్నది ప్రొపేన్ గ్యాస్, దానికి ఈ చలి ఒక లెక్కా?"

"బర్నర్ సూదితో శుభ్రం చేశాను. సిలిండర్ నిండుగానే ఉంది. ఇంకేం చెయ్యను?"

"సిలిండర్ వాల్వ్ ఎలా తిప్పావో గాలిలో చూపించు."

చూపించాడు. మణికట్టు విరిగేలా ఒక్క ఊపు.

"బర్నర్ నాబ్ అప్పటికే తెరిచి ఉందా?"

"ఉంది. తొందరగా వెలుగుతుందని."

తూవా పకపకా నవ్వింది. "అదీ సంగతి! గ్యాస్ అలా దూసుకొస్తే గొట్టం తెగిపోయిందేమోనని రెగ్యులేటర్ బెదిరిపోతుంది. దారి మూసేసి, కొంచెం కొంచెమే వదులుతుంది."

"రెగ్యులేటర్‌కి కూడా భయమేనా?"

"ఎవరికైనా భయమేస్తుంది, హాల్వర్." నవ్వు ఆగిపోయింది. తూవా తన చేతి తొడుగుల వైపు చూస్తూ అంది, "పోయినేడు నాకూ వేసింది. అంటే నువ్వు వద్దని కాదు. కాస్త ఆగి మళ్లీ అడుగుతావనుకున్నాను. నువ్వేమో మాటలే కట్టేశావు."

హాల్వర్ ఆమె వైపు తిరిగాడు. ఏడాదంతా తనని వద్దనుకుందనే అనుకున్నాడు.

"ముందు రెండు నాబ్‌లూ కట్టెయ్, దాని భయం తీరనీ," అంది తూవా. కట్టేశాడు.

"ఎంతసేపు ఆగాలి?"

"అబ్బా, మళ్లీ తొందర!"

కాసేపటికి అతని చేతి మీద తన చెయ్యి వేసింది. "బర్నర్ మూసే ఉంచు. సిలిండర్ వాల్వ్ మెల్లగా తిప్పు. మెల్లగా అన్నానా! ఆఁ... ఇప్పుడు బర్నర్ తెరిచి వెలిగించు."

నీలిమంట బుస్సుమని లేచింది. తూవా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"పెళ్లి మాట ఎత్తను," అన్నాడు హాల్వర్, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "ట్రోమ్సోకి నిన్ను చూడటానికి రావచ్చా?"

"ఒక్కసారేనా?"

"ఒరేయ్ హాల్వర్!" పక్కనుంచి బోర్గిల్ గారు కేకేశారు. "కాఫీ ఈ ఈస్టర్‌కేనా, పై ఈస్టర్‌కా?"

కెటిల్ పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ కుర్చీలో ఎండకి మొహం పెట్టి కూర్చుని ఉన్నారు. ఎదురుగా, మంచులో పారతో తవ్విన సోఫా, దాని మీద దుప్పి తోలు. మామూలుగా ఆ సోఫాలు ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేలా తవ్వుతారు, అది మర్యాద. ఇది మరీ ఇరుకు.

"జాగా చాలదేమో, బామ్మగారూ. నేను నిలబడతాలెండి."

"నిన్న తూవా తవ్వుతుంటేనే వెడల్పు చెయ్యవే అన్నాను," అన్నారావిడ కాఫీ అందుకుంటూ. "ఇద్దరికి ఇదే సరిపోతుందంది."

నిన్ననా! హాల్వర్ తల తిప్పి చూశాడు. తూవా చెవులదాకా ఎర్రబడి, సంచిలోంచి ఒక పండు తీసింది.

"నారింజ తింటావా?"

ఈసారి పండు ఒలిచి, సగం తను ఉంచుకుని, అతని పక్కనే కూర్చుంది.