వేళ్ళ చుట్టూ కరెంటు

"మొక్కలకి కాపలానా సార్?" ఏజెంట్ ముంగిస నోరెళ్ళబెట్టాడు.

"తెగులు పొలాలన్నీ తినేసింది. దాన్ని తట్టుకునే నారు ఆ ల్యాబ్‌లో ఒక్క తొట్టెడే మిగిలింది. దాన్నీ లేకుండా చెయ్యాలని విదేశీ ముఠా చూస్తోంది," అన్నాడు చీఫ్. "తోటమాలిగా చేరు. లోపల మన డబుల్ ఏజెంట్ నెమలి కలుస్తుంది. 'వేరు దాహం తీరిందా?' అంటుంది. 'చిగురునడుగు' అను."

"ల్యాబ్ ఎవరిది సార్?"

"మీ అత్తగారిది."

మర్నాడు ముంగిస పెట్టుడు మీసంతో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు.

"మీసం ఊడుతోంది అల్లుడుగారూ," అంది అత్తగారు, చూసీ చూడగానే. "ఇన్సూరెన్సు ఉద్యోగం పోయిందని అమ్మాయికి చెప్పలేదేం?"

ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను ఇన్సూరెన్సు ఉద్యోగి; నిజం చెప్పే వీల్లేదు. తలొంచుకున్నాడు.

ఆవిడ గాజుతొట్టి చూపించింది. నీళ్ళలో తెల్లటి వేళ్ళు, పక్కన స్క్రీన్ మీద వేరుకొక ఆకుపచ్చ అల.

"పెరిగే వేరు చుట్టూ సన్నటి కరెంటుంటుంది. అల బాగుంటే ఎదుగుదల బాగున్నట్టే. బయటినుంచి ఎక్కువ కరెంటిస్తే వేరు మాడుతుంది. మీ చేతిలో ఆ ఎరువు డబ్బా మాత్రం తొట్టి గట్టుమీద పెట్టకండి. అదంతా ఉప్పే. నీళ్ళలో పడిందా, కరెంటు వేళ్ళనొదిలేసి నీళ్ళలోంచి పరిగెడుతుంది. ఫ్యూజు పోతుంది, గేట్లు బిగుసుకుంటాయి."

మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్ళారు. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకే నెమలి.

"వేరు దాహం తీరిందా?"

"చిగురునడుగు."

ఆమె నవ్వింది. ముక్కుకి రుమాలు తగిలిందొక్కటే అతనికి తెలుసు.

కళ్ళు తెరిచేసరికి చేతులు వెనక పైపుకి, కాళ్ళు ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. నోటికి టేపు. వాచీ కెమెరా, పెన్ను పిస్టలు, బూట్లో కత్తి, అన్నీ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో!

"ముఠావాళ్ళే నాకు బాగా దగ్గర," అంది నెమలి, తొట్టిలోకి రెండు వైర్లు వదులుతూ. "కరెంటు మెల్లగా పెరుగుతుంది. నేను గేటు దాటేసరికి వేళ్ళన్నీ మాడతాయి. తెగులే అనుకుంటారు. వస్తా తోటమాలీ!"

హైహీల్స్ చప్పుడు దూరమైంది.

స్క్రీన్ మీద ఒక అల చదునైంది. మరొకటి. ఇంకొకటి. ముంగిస గింజుకున్నాడు, తాడు ఇంకా బిగిసింది. అరిచాడు; టేపు కింద మూలుగే మిగిలింది. ఇన్ని మిషన్లు చేసినవాడు, వేళ్ళు చస్తుంటే చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మసకలో కనిపించింది ఎరువు డబ్బా. తొట్టి గట్టుమీద, మూత లేకుండా. వద్దన్నచోటే మరిచిపోయాడు!

నడుం మీద జారి కాళ్ళు చాచాడు. అందలేదు. భుజం కీలు కలుక్కుమంది. బూటు మొన డబ్బా అంచుకి తగిలింది. ఆఖరి రెండు అలలూ వణుకుతున్నాయి.

తన్నాడు.

తెల్లటి పలుకులు నీళ్ళలో పడ్డాయి. ఠప్పుమని ఫ్యూజు పేలింది. దీపాలారిపోయాయి. ఎక్కడో ఇనుప గేట్లు దబ్బున మూసుకున్నాయి, వాటి వెనక నెమలి కేక!

అత్తగారు పరుగున వచ్చి ముందు తొట్టిలో నీళ్ళు మార్చింది, తర్వాతే అల్లుడి నోటి టేపు పీకింది. ఫ్యూజు వేశాక స్క్రీన్ మీద ఒక్క అల, బలహీనంగా, కదిలింది. దాని పక్కన ఇంకోటి. మిగతా స్క్రీనంతా చదునుగానే ఉంది.

"విత్తనానికి ఇవి చాలు," అంది ఆవిడ, కళ్ళొత్తుకుంటూ. తర్వాత డబ్బా చూసింది. "ఇది గట్టుమీద పెట్టిందెవరు?"

"నేనే అత్తయ్యా."

"అనుకున్నా. ఇన్సూరెన్సువాళ్ళు ఊరికే తీసెయ్యరు."