దారికి అటూ ఇటూ

గేటు ముందు కారాపి హారన్ కొట్టాను. కుడివైపు చిన్న ఇంట్లోంచి ఒకమ్మాయి పిండి చేతులతోనే వచ్చింది.

"గొళ్లెం మీ వైపే ఉంది. మీకు చేతుల్లేవా?" అంది.

ఆమె పేరు గ్రాన్యా. టిప్పరరీ కౌంటీలోని ఆ పాత ఎస్టేటు గేటుకు ఆమె తండ్రి టియర్నీగారు కాపలాదారు. గేటుకు రెండు పక్కలా ఒకే పోలికతో రెండు చిన్న ఇళ్లు. నిజానికి అది ఒకే ఇల్లు. బగ్గీల్లో వచ్చే దొరల కంటికి జోడు కుదరాలని అప్పట్లో రెండుగా కట్టారు. దారికి కుడివైపు వంట, ఎడమవైపు పడక. ముందు చెక్కిన రాళ్లు, స్తంభాలు. వెనక మొరటు గోడ.

లారీలు పట్టేలా దారి వెడల్పు చేయడానికి ఎడమ ఇల్లు పడగొడతానని కొత్త యజమాని అర్జీ పెట్టాడు. మనుషులుంటున్న ఇల్లయితే అనుమతి రాదు. చూసి రాయమని కౌంటీ ఆఫీసు నన్ను పంపింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఉద్యోగంలో చేరిన రోజు, రోడ్లు వేసే మా నాన్న ఒక్కటే చెప్పాడు: "కంటితో చూడంది కాగితం మీద పెట్టకురా కార్మాక్."

ఎడమ ఇంటి తలుపు తీస్తే చెమ్మ వాసన. చలిమంట పొయ్యిలో, పొగగొట్టంలోంచి కాకులు పడేసిన పుల్లలు. మంచం మీద దుప్పటి నలగలేదు.

"ఇక్కడెవరూ ఉండట్లేదు కదండీ," అన్నాను.

గ్రాన్యా వేళ్లకంటిన పిండి గిల్లుకుంటూ నిలబడింది. "అమ్మ ఆ మంచం మీదే పోయింది. అప్పట్నుంచి నాన్న దారి దాటడు. వంటింట్లో కుర్చీలోనే నిద్ర. నేను అటక మీద."

"ఉన్నది ఉన్నట్టే రాయాలి నేను."

"రాయండి. అబద్ధాలు రాసేవాళ్లకి మేం టీ కూడా పొయ్యం."

"శుక్రవారం మళ్లీ వస్తాను. ఆ రోజు చూసిందే రాస్తాను. గోడలు గట్టివే. చెమ్మ ఆరడానికి వాటికి కావలసింది మంట."

"నాకెందుకు చెప్తారు? ఆయనకి చెప్పండి."

చెప్పాను. టియర్నీగారు చాలాసేపు కిటికీలోంచి ఎడమ ఇంటినే చూశారు.

"ఆవిడ జబ్బుపడ్డాక సూప్ నేనే అటు తీసుకెళ్లేవాణ్ణి బాబూ. పళ్లెం మూసినా వానలో చల్లారిపోయేది. ఒక్కపూట కూడా వేడిగా తాగించలేకపోయాను. ఇప్పుడా పొయ్యి ఎవరికోసం వెలిగించను?"

"నాకోసం నాన్నా," అంది గ్రాన్యా మెల్లగా. "అటక మీద చలికి నా కాళ్లు కొయ్యబారిపోతున్నాయి."



శుక్రవారం వాన. మలుపు తిరగ్గానే రెండు పొగలు కనిపించాయి. హారన్ కొట్టలేదు, గొళ్లెం నేనే తీశాను. ఎడమ ఇంట్లో పొయ్యి పక్కన టియర్నీగారి బూట్లు ఆరుతున్నాయి. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. చూసిందే రాశాను.

బయటికొచ్చేసరికి గ్రాన్యా గిన్నె మీద పళ్లెం మూసి దారి దాటుతోంది.

"ఈసారి ఆఫీసు పని లేకుండా రావచ్చా?" అనడిగాను.

"ఆలోచించుకోండి. మా ఇంట్లో ఒకరికి ముద్ద పెట్టాలంటే తడవాల్సిందే."

నా కోటు విప్పి ఆమె మీదా గిన్నె మీదా పట్టాను. నేను పూర్తిగా తడిశాను. ఆమె నవ్వలేదు, కాస్త దగ్గరగా నడిచింది.

"చల్లారకముందే రండి, ఇద్దరూ," అని లోపల్నుంచి టియర్నీగారి గొంతు వినిపించింది.

పళ్లెం తీస్తే సూప్ ఇంకా పొగలు కక్కుతోంది.