మడతపడ్డ చెవి

రెండువేల ఎనభై ఏడు నాటికి కాకినాడ సాగరతీర నర్సింగ్ కళాశాలలో పుస్తకాలు లేకపోలేదు. అద్దాల బీరువాలో, పాతకాలపు ప్లాస్టిక్ బొమ్మ పక్కన భద్రంగా ఉన్నాయి. పూర్వం విద్యార్థినులు ఆ బొమ్మకే సూదులు గుచ్చి, దాన్నే అటూ ఇటూ దొర్లించి పరీక్షలు పాసయ్యేవారట. బొమ్మ ఏనాడూ అబ్బా అన్న పాపాన పోలేదు.

ఇప్పుడు చదువంతా తొడుగులోనే. దాన్ని దేహపాఠం అంటారు. రోగి ఒప్పుకుంటే అతని నరాల్లో నడిచే సంకేతాలన్నిటినీ, నొప్పి, దాహం, దురద, చూపు, వినికిడి, ఏదీ వదలకుండా సెన్సర్లు రికార్డు చేస్తాయి. విద్యార్థిని తలనుంచి కాలిదాకా పల్చటి తొడుగు వేసుకుని పడుకుంటే అవన్నీ ఆమె నరాల్లోకి ఎక్కుతాయి. పాఠం నడిచినంతసేపూ రోగి ఒళ్ళే ఆమె ఒళ్ళు.

ఆఖరి పరీక్షా అందులోనే. లోపల ఏముంటుందని సీనియర్లలో ఎవర్నడిగినా "ఏముందే, తేలికే" అంటారు, అంతకుమించి పెదవి విప్పరు. పైగా ఆ పరీక్ష అయినవాళ్ళకి తలో పిచ్చి పట్టుకుంటుంది. ఒకామె పక్కదుప్పటి ముడతలు సర్దిందే సర్దుతుంది. ఇంకొకామె గంజి తాగించేముందు ఒక చుక్క తన చేతిమీద వేసుకుని మరీ చూస్తుంది. జూనియర్లు చాటుగా నవ్వుకునేవారు. అందరికన్నా గట్టిగా నవ్వేది సలోమి.

ఈ రోజు సలోమి వంతు. గట్టెక్కితే సోమవారం నుంచి ఓడరేవు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. తెల్ల యూనిఫాం కుట్టించుకుంది, ఇస్త్రీ కూడా చేయించేసుకుంది.

"చూడమ్మా సలోమీ," అంది భ్రమరాంబ మేడమ్, తొడుగు టోపీ సరిచేస్తూ. "లోపల నీకొక నర్సు సేవ చేస్తుంది. పాఠం అయ్యాక నీ కుడి చూపుడువేలొక్కటే కదులుతుంది. ఆ వేలితో ఆమెకు మార్కు నువ్వే వెయ్యాలి. ఒకసారి నొక్కితే పాస్, రెండుసార్లు నొక్కితే ఫెయిల్. వేసేదాకా తొడుగు నిన్ను వదలదు."

"ఫెయిల్ చేస్తే ఆ అమ్మాయికి ఏమవుద్ది మేడమ్?"

"ఏడాదంతా మళ్ళీ చదవాలి. నువ్వు వేసిన మార్కుకి తిరుగులేదు."

ఓస్ ఇంతేనా అనుకుంటూ సలోమి కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి ఒళ్ళు లేదు. ఉంది, బరువంతా తెలుస్తోంది, ఎక్కడా కదలదు. పక్షవాతం కొట్టిన ఒళ్ళు. గొంతులో మాట ఉంది, నాలుక లేవదు. ఆడేవి రెప్పలు మాత్రమే. ఇంతలో వెనకనుంచి ఎవరో వచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా, భుజం పట్టి గోడవైపుకి దొర్లించారు. వీపుకి దిండు దోపి వెళ్ళిపోయారు. పుండ్లు పడకుండా పక్క మార్చడం అది. పద్ధతి ప్రకారం బాగానే మార్చారు. కానీ తలకింద చెవి మడతపడిపోయింది.

మొదట చిన్న చిరాకు. కాసేపటికి మంట. ఆపైన ప్రపంచంలో ఆ చెవి తప్ప ఇంకేమీ మిగల్లేదు. తల వెంట్రుకవాసి జరిపితే చాలు, పోతుంది. జరపలేదు. ఎదురుగా పెచ్చులూడిన గోడ, చెవిలో తన నెత్తురు కొట్టుకునే చప్పుడు. మళ్ళీ పక్క మార్చేదాకా ఇంతే కాబోలని తెలిసి సలోమికి ఊపిరాడనంత భయం వేసింది. అరుద్దామంటే నోరేదీ?

చెప్పుల చప్పుడు, కూనిరాగం. నర్సు వచ్చింది. మంచం పైనున్న యంత్రం చూసుకుంది కాబోలు, "అంతా బాగుంది" అని చక్కాపోయింది.

బాగుందా నీ మొహం, అనుకుంది సలోమి. యంత్రానికి చెవి నొప్పెడుతుందా? దీన్ని నర్సు చేసిన మహానుభావులెవరో గానీ, నా చేతిలో పడింది, రెండుసార్లు కాదు, పదిసార్లు నొక్కుతాను.

కన్నీళ్ళు కారి ముక్కుమీదుగా దిండులోకి ఇంకాయి. నర్సు మళ్ళీ వచ్చింది. "అయ్యో, కంటినీరు కారుతుందే! చుక్కలెయ్యాలి," అంటూ మందుసీసా తీసి మీదికి వంగింది. అప్పుడు కనబడింది మొహం.

తన మొహమే.

బయటినుంచి వింటే తన గొంతు తనకే కొత్తగా ఉంది, అందుకే పోల్చుకోలేదు. ఇది తను రెండో ఏడాదిలో మూడో వార్డులో డ్యూటీ చేసిన నాటిది. అయితే ఈ ఒళ్ళు గవర్రాజు గారిది. ఓడరేవులో క్రేన్ నడిపి, నడిపి, మంచాన పడ్డ పెద్దాయన. సలోమి కనబడగానే రెప్పలు టపటపలాడించేవాడు. ముసలాయనకి నేనంటే ఎంత ఇష్టమోనని ఆమె హాస్టలంతా చెప్పుకు మురిసింది.

ఇప్పుడూ రెప్పలు టపటపలాడాయి. చెవి చూడవే, చెవి, అని లోపల సలోమి మొత్తుకుంది. పైన సలోమి నవ్వింది.

"నేనంటే ఎంతిష్టం తాతగారికి!" అని బుగ్గ తట్టి వెళ్ళిపోయింది.

చీకటి పడింది. పాఠం అయిపోయింది, నొప్పి మాత్రం పోలేదు. "మార్కు వెయ్యండి" అంది ఒక కంఠం. చూపుడువేలు కదిలింది.

ఆ రోజు రెండు డ్యూటీలు కలిపి చేశాను. చెవి సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పుడు చిన్నదాన్ని. ఇంతసేపూ ఆ నర్సు తరఫున ఒక్క సాకూ తట్టనిదానికి ఇప్పుడు వరసపెట్టి తడుతున్నాయి. ఎవరి కంపు వారికి ఇంపు. చెవి మండుతూనే ఉంది. కళ్ళముందు ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం.

వేలు ఒక్కసారి నొక్కింది.

తొడుగు వదిలింది. సలోమి లేచి కూర్చుని చెవి తడుముకుంది. చెవికేమీ కాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"గవర్రాజు గారు ఎక్కడున్నారు మేడమ్?"

"క్రితం వేసవిలో పోయారమ్మా. మీకు పనికొస్తుందని, అడగ్గానే రెప్పవేసి ఒప్పుకున్నారు."

"ఎవరైనా... రెండుసార్లు నొక్కారా?"

భ్రమరాంబ తొడుగు మడతపెడుతూ తల అడ్డంగా ఆడించింది. "ఒక్కరూ లేరు. మొదటి బ్యాచ్‌లో నేనూ నొక్కలేదు."

బయట తోటి విద్యార్థిని తాయారు తొడుగు వేసుకుని వంతుకోసం నిలబడి ఉంది. "ఎలా ఉందే? ఏమడిగారే?" అంటూ చెయ్యి పట్టుకుంది.

సలోమి చెబుదామనే నోరు తెరిచింది. లోపలి సంగతి చెబితే, తను ఎన్నిసార్లు నొక్కిందో కూడా చెప్పాలి.

"ఏముందే, తేలికే," అంది.

తాయారు టోపీ బిగుతుగా ఉంది. దానికింద ఎడమచెవి మడతపడి ఉంది. సలోమి వేలు దూర్చి, మెల్లగా, దాన్ని సరిచేసింది.

"అయ్యిందా," అని నవ్వింది తాయారు. "నీకూ పట్టింది పిచ్చి."